బాలామణి బస్సెక్కిన కథ: పిల్లల బొమ్మల నవల అచ్చయ్యేదాకా నా అనుభవం

2023 వేసవిలో రాయడం మొదలుపెట్టాను. 2024 డిసెంబర్‌లో పుస్తకం చేతికొచ్చింది. ఈ ఏడాదిన్నర ఎలా గడిచింది, ఎంత ఖర్చయింది, ఎక్కడెక్కడ ఆగాల్సొచ్చింది అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. వాళ్లలో టీచర్లున్నారు, బొమ్మలేసే పిల్లలున్నారు, ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు కథలు రాసుకునేవాళ్లున్నారు. అందరికీ విడివిడిగా చెప్పేకన్నా జరిగింది జరిగినట్టు ఒకచోట రాసిపెడదామని కూర్చున్నాను.

ముందు కథ ఏమిటో చెప్పాలి. బాలామణికి పదకొండేళ్లు. ఊరు నల్లమల అంచున, అమ్రాబాద్ దగ్గర. చెట్టెక్కుతుంది, వాగు దాటుతుంది, తప్పిపోయిన మేకను డెక్కల గుర్తులు చూసుకుంటూ వెతికి తెస్తుంది. నాన్నకు హైదరాబాద్ కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పని దొరికితే ఇంటిల్లిపాదీ వచ్చి సెల్లార్‌లో లిఫ్టు పక్కనున్న గదిలో దిగుతారు. నేనూ పాలమూరు మనిషినే, ఉండేదీ కొండాపూర్‌లోనే. మా చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో చాలావాటికి కావలి కాసేది మా వైపు నుంచో, శ్రీకాకుళం వైపు నుంచో వచ్చినవాళ్లే. వాళ్ల పిల్లలు పొద్దున కార్లు తుడిచి బడికెళ్తారు. ఈ పిల్లలు కథానాయకులుగా ఉన్న పుస్తకం నా కూతురికి కొనిపెడదామని వెతికితే దొరకలేదు.

దొరికిన కథల్లో ఊరి పిల్ల పట్నం వస్తే రెండే జరుగుతాయి. పట్నం చూసి బిత్తరపోవడం, లేదంటే మనసు నిలవక ఊరికి తిరిగెళ్లిపోవడం. బాలామణి విషయంలో ఆ రెండూ కాకూడదని మొదటిరోజే అనుకున్నాను. అడవి అంచున నేర్చింది పట్నంలో పనికిరావాలి. గుర్తులు పట్టడం, వెళ్లిన దారి మరవకపోవడం, తెలియనిది ఎవరినైనా జంకకుండా అడిగేయడం, ఈ మూడే ఆ పిల్ల ఆస్తి. రెండో అంతస్తులో మతిమరుపున్న ఒక తాత ఒకరోజు బయటికెళ్లి తిరిగిరాడు. పెద్దవాళ్లు ఫోన్లు చేసుకుంటుంటే బాలామణి జాడ పట్టుకుని బయల్దేరుతుంది. కథంతా అదే.

2023 నవంబర్ దాకా కథ ఒకచోట కదలకుండా కూర్చుంది. వాచ్‌మన్ కూతురు ఊరంతా తిరగాలంటే బస్సు డబ్బులు ఎక్కడివి? ఎవరో ఇచ్చినట్టు రాస్తే దయ మీద నడిచే కథ అవుతుంది. ఆ పిల్లే పనిచేసి సంపాదించినట్టు రాస్తే కథ బరువెక్కిపోయింది. అలా ఉండగా డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైంది. ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు, ఆడపిల్లలకు టికెట్ డబ్బులు లేవు. ఆ వార్త విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంకోలా చెప్పలేను, నా పిల్లకే పాస్ వచ్చినంత సంబరపడ్డాను. ఒక్క ఆధార్ కార్డు చాలు, బాలామణి ఎక్కడికైనా వెళ్లగలదు.

మర్నాటి నుంచి నేను 127కె ఎక్కడం మొదలుపెట్టాను. కొండాపూర్ నుంచి కోఠి. మాదాపూర్, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, మాసాబ్ ట్యాంక్, లక్డీకాపూల్ మీదుగా పోయే బస్సది. ముందు తలుపు దగ్గర కాలు పెట్టే చోటు ఉండేది కాదు. వారం తిరిగేసరికి కండక్టర్ మిషన్ నొక్కి సున్నా రూపాయల జీరో టికెట్లు ఇవ్వడం మొదలుపెట్టాడు. పదిమంది ఆడవాళ్లు ఒకేసారి ఆధార్ కార్డులు ఎత్తి చూపిస్తున్న ఆ దృశ్యం తర్వాత మా పుస్తకంలో ఒక నిండు పేజీ అయింది. ఇంకోటీ దొరికింది. మగవాళ్లకు టికెట్ కొట్టి, చిల్లర లేకపోతే ఇవ్వాల్సింది టికెట్ వెనక పెన్నుతో రాసిస్తారు కదా. తాత జాడ బాలామణికి అక్కడే దొరకాలని ఆ బస్సులోనే అనుకున్నాను. మెట్ల మీద పడిన పాత టికెట్, దాని ముందువైపు ఎక్కిన స్టేజీ, దిగాల్సిన స్టేజీ, వెనక నీలం ఇంకుతో 5 అంకె. ఆ ఒక్క కాగితంతో తాత ఏ బస్సెక్కుతాడో, ఎక్కడ దిగుతాడో పిల్లకు తెలిసిపోతుంది. ఐదు రూపాయలు బాకీ ఉన్న కండక్టర్‌కు తాత ముఖం గుర్తుంటుంది. జనవరి నెలాఖరుకు కథ మొత్తం తిరగరాశాను.

ఫిబ్రవరిలో కథను, రెండు నమూనా పేజీలను కొందరు ప్రచురణకర్తలకు పంపాను. ఎదురుచూపు దాదాపు మూడు నెలలు. కొందరు జవాబివ్వలేదు. ఒకరు మాత్రం ఓపిగ్గా ఫోన్ చేసి లెక్క చెప్పారు. అరవై నాలుగు పేజీలు పూర్తి రంగుల్లో వేస్తే ధర రెండొందలు దాటుతుంది, తెలుగులో పిల్లల పుస్తకానికి అంత పెట్టడానికి తల్లిదండ్రులు వెనకాడతారు, మేం ఇరవై నాలుగు పేజీల బొమ్మల కథైతే వేస్తాం అన్నారు. ఆయన మాటలో నిజం ఉంది. కానీ బాలామణి ఇరవై నాలుగు పేజీల్లో ఇమడదు. మా ఆయనతో కూర్చుని మాట్లాడుకుని, మేమే వేసుకుందామని తేల్చుకున్నాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాప చదువు కోసం దాచిన డబ్బులోంచి తీస్తున్నాం మరి.

చిత్రకారుడు అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. మాసాబ్ ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో చదివిన కుర్రాడు. నన్ను అక్కా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. అయినా కాగితం రాసుకున్నాం, మీరూ రాసుకోండి. మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు ఎన్నేళ్లకు ఇస్తున్నారో రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే. అందుకే ఏళ్లు, దేశాలు, ఈబుక్, వేరే భాషల అనువాదం, బొమ్మలతో క్యాలెండర్ వేస్తే అతని వాటా, అన్నీ రెండు పేజీల్లో రాసి సంతకాలు పెట్టుకున్నాం. అసలు బొమ్మల మీద హక్కు అతనిదే. పేజీకి 1,800 రూపాయలు, అట్ట బొమ్మకు విడిగా 8,000. మూడో వంతు ముందే ఇచ్చాను. కొందరు బొమ్మలవాళ్లకు పుస్తకం అమ్ముడయ్యాక ఇస్తామంటారు. ఆరు నెలలు వేరే పని ఒప్పుకోకుండా కూర్చునే మనిషి ఆ ఆరు నెలలూ ఏం తినాలి?

ఇక అసలు పని. ముందు పెన్సిల్‌తో చిన్నచిన్న గళ్లలో పుస్తకం మొత్తం గీశాడు. అక్కడే తెలుగు అక్షరంతో మా కుస్తీ మొదలైంది. మాటల బుడగలు మామూలుగా గుండ్రంగా, పైనా కిందా సన్నగా ఉంటాయి. మన మాటలు పొడుగు. ‘వెళ్లిపోతున్నాడనుకున్నాను’ అనే ఒక్క మాట బుడగ నడుములోనే పట్టదు, పై వరసలో ఎలా పడుతుంది? పైగా గుడులు పైకి లేస్తాయి, వత్తులు కిందికి దిగుతాయి. వరసకూ వరసకూ మధ్య చోటు వదలకపోతే పై వరస వత్తు కింది వరస గుడిలో ఇరుక్కుంటుంది. అందుకని మేం పద్ధతి మార్చుకున్నాం. బొమ్మ గీయకముందే ఆ గడిలో మాటలు టైపు చేసి, కావలసిన సైజులో పెట్టి, ఆ చోటు వదిలి మిగిలినదాంట్లో బొమ్మ గీయడం. బుడగల మూలలు మాత్రం గుండ్రంగా ఉంచి, ఆకారం వెడల్పుగా, పలకలా చేశాం. ఒక్కో బుడగకు మూడు వరసలు దాటకూడదని గీత గీసుకున్నాను. దానివల్ల నా వాక్యాలు సగానికి సగం తగ్గాయి, కథ పరుగందుకుంది. బాలామణి, అమ్మానాన్నలు మా పాలమూరు యాసలో మాట్లాడతారు. చప్పుళ్లకైతే తెలుగుకు కొదవ లేదు. ధన్, గభాల్న, టపటప, చర్ర్‌ర్, బుడుంగ్. అవన్నీ ఫాంటుతో కాకుండా తమ్ముడు చేత్తోనే రాశాడు. బస్సు బ్రేకు వేసిన గడిలో ‘కీచ్‌చ్’ అనే అక్షరాలు గడి దాటి పక్కనున్న ఆమె కొంగు దాకా సాగుతాయి. పిల్లలు ఇప్పటికీ ఆ పేజీ దగ్గర ఆగుతారు.

జూన్ 12న బడులు తెరిచారు. నెలాఖరున మా దగ్గరి ప్రభుత్వ బడిలో హెడ్‌మాస్టర్ గారి అనుమతితో ఆరు, ఏడు తరగతుల పిల్లలకు పెన్సిల్ పేజీల జిరాక్సులు ఇచ్చాను. రంగులు వేయకముందే ఇవ్వాలని పట్టుబట్టాను, రంగులు పడ్డాక మార్చాలంటే ఖర్చు రెట్టింపు. ఈ మొత్తం పనిలో నాకు ఎక్కువ లాభం చేసింది ఆ మధ్యాహ్నమే. ఆ పిల్లల్లో చాలామంది వాచ్‌మన్ల పిల్లలు, భవనాల పనిచేసేవాళ్ల పిల్లలు.

సెల్లార్ గది బొమ్మ చూసి ఒక అమ్మాయి అడిగింది: “మేడం, వీళ్లింట్ల మోటరు డబ్బా లేదేంది? ట్యాంకు నిండినంక ఎవరు బంద్ చేస్తరు?” పక్కపిల్లాడు అందుకున్నాడు: “రాత్రి కారొస్తే హారన్ కొడ్తరు. బాపు లేస్తడు. ఒక్కోపారి నేనే లేస్త.” ఇంకో పాప కాసేపు పేజీలు అటూ ఇటూ తిప్పి, “అమ్మ పనికి పొయ్యే ఇంట్ల ఈమెను లోపలికి రానిస్తరా?” అంది. నేను జవాబు చెప్పేలోపే పిల్లలే వాదించుకున్నారు. కొందరిళ్లలో రానిస్తారట, టీవీ చూడనిస్తారట, కొందరిళ్లలో గడప దగ్గరే. ఇంటికొచ్చాక చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. రోజూ నేను ఎక్కే లిఫ్టు పక్కనే ఇన్ని విషయాలు.

ఆ తర్వాత గది గోడ మీద స్టార్టర్ డబ్బా వచ్చింది, ఎరుపు, ఆకుపచ్చ మీటలతో. గది కూడా చిన్నదైంది. బట్టల దండెం, గ్యాస్ పొయ్యి, మంచం కింద పెట్టెలు, పరీక్ష అట్ట మీద హోంవర్కు. కథలోనూ మోటరుకు చోటు దొరికింది. ట్యాంకు నిండి నీళ్లు కారుతున్న చప్పుడు అందరికన్నా ముందు బాలామణికే వినిపిస్తుంది, బంద్ చేయడానికి లేచినప్పుడే తాత చీకట్లో గేటు దాటిపోవడం చూస్తుంది. అంతకుముందు రాసుకున్న దానికన్నా ఇదే ఎంతో బలంగా ఉంది.

పిల్లలు పట్టుకున్నవాటిలో ఇంకోటుంది. ఆ ఏడాది మార్చిలో కొత్త బండ్ల నంబర్లు టీఎస్ నుంచి టీజీకి మారాయి. మేలో ఆర్టీసీ పేరు టీజీఎస్ఆర్టీసీ అయింది. బస్సు మీద ఏం రాయాలో తమ్ముడికి తోచక ఖాళీగా వదిలేస్తే, “బస్సు మీద పేరేది మేడం” అని అడిగారు. కథ జరిగే కాలం 2024 జనవరి అని ఖాయం చేసుకుని, సెల్లార్ గదిలో ఆ నెల క్యాలెండర్ వేలాడదీసి, బస్సులన్నింటికీ టీఎస్ఆర్టీసీ అనే పాత పేరే ఉంచాం.

ఆగస్టు, సెప్టెంబర్ రంగులకు పోయాయి. నల్లమల గుర్తొచ్చే పేజీలన్నీ చిలకపచ్చ, కొండాపూర్ పేజీలు సిమెంటు రంగులో మొదలై, బాలామణి స్నేహాలు పెరిగేకొద్దీ వెచ్చబడతాయి. బొటానికల్ గార్డెన్ చుట్టుపక్కల మిగిలున్న పెద్ద బండరాళ్లు ఆ పిల్లకు కనబడే పేజీలో మొదటిసారి రెండు రంగులూ కలుస్తాయి. అది తమ్ముడి ఆలోచన. నాకు వచ్చి ఉండేది కాదు.

అక్షరాలు పేర్చడం మరో ఘట్టం. ఇక్కడ డీటీపీ సెంటర్లలో చాలామంది ఇంకా పాత పద్ధతి అనూ ఫాంట్లలోనే పనిచేస్తారు. నా రాత ఫోన్లలో, కంప్యూటర్లలో అంతటా కనబడే యూనికోడ్. దాన్ని మార్చినప్పుడు కొన్నిచోట్ల వత్తులు జరిగిపోయాయి, కొన్ని అక్షరాలు మాయమయ్యాయి. యూనికోడ్‌లోనే ఉంచుదామని తమ్ముడు ఫోటోషాప్‌లో అతికిస్తే వత్తులన్నీ విడివిడిగా పక్కకొచ్చి నిలబడ్డాయి. దానికి మందు చిన్నదే. మేం వాడిన ఫోటోషాప్‌లో ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోట వరల్డ్ రెడీ లేఔట్ అనేది ఎంచుకుని, ప్రోగ్రాం మూసి మళ్లీ తెరిచాం. కొత్త ఫైలులో అక్షరాలు సరిగా పడ్డాయి. ఫాంట్లకు డబ్బు పెట్టక్కర్లేదు. సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన మండలి, మల్లన్న, రామభద్ర లాంటివి పుస్తకాల్లో ఉచితంగా వాడుకోవచ్చు. మాటలకు మండలి, పేజీ మీది శీర్షికలకు రామభద్ర వాడాం. ప్రూఫులు చూడటానికి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు 3,000 తీసుకున్నారు. యాసను దిద్దవద్దని ముందే చెప్పుకోండి.

ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు, దాని గురించి భయపెట్టేవాళ్లు చాలామంది. ఇప్పిస్తామని డబ్బడిగేవాళ్లూ ఉన్నారు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దీన్ని ఉచితంగా ఇస్తుంది, రచయితలు సొంతంగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. గుర్తింపు కార్డు, అట్ట బొమ్మ పెట్టాను. మూడు వారాలు దాటాక వచ్చింది. అట్ట వెనక బార్‌కోడ్ పడాలి కాబట్టి ప్రెస్‌కు వెళ్లడానికి కనీసం రెండు నెలల ముందే మొదలుపెట్టండి.

నవంబర్‌లో ప్రెస్. విజయవాడ కొటేషన్ కొంచెం తక్కువే, కానీ రంగులు దగ్గరుండి చూసుకోవాలని హైదరాబాద్‌లోనే ఇచ్చాను. అచ్చులో పదహారు పేజీలు కలిపి ఒక ఫారం, అరవై నాలుగు పేజీలంటే ఫారాలు సరిగ్గా నాలుగు. అరవై ఆరు చేస్తే ఆ రెండు పేజీలకు ఖర్చు మోత మోగుతుంది, కథను ఫారాల లెక్కలోనే ఆపుకోవాలి. క్రౌన్ పావు సైజు, 130 జీఎస్ఎం (కాగితం బరువు కొలత) మ్యాట్ ఆర్ట్ పేపరు. మెరిసే ఆర్ట్ పేపరు మీద ట్యూబ్‌లైట్ వెలుగు పడి మాటలు కనబడవు, బడిలో పరీక్షించి చూశాను. రెండు పేజీల మీదుగా పరుచుకున్న బొమ్మలు ఐదారు ఉన్నాయి కాబట్టి ఉత్త గమ్ బైండింగ్ వద్దని దారంతో కుట్టించాను, కాపీకి ఆరు రూపాయలు ఎక్కువైంది.

రంగుల దగ్గర గుండె జారింది. కంప్యూటర్‌లో వెలిగిపోయిన చిలకపచ్చ, ప్రెస్ తీసిన నమూనా అచ్చులో పాకుడు రంగులో వచ్చింది. తెర మీది రంగు వెలుగుతో తయారవుతుంది, అచ్చులో నాలుగు ఇంకులతో తయారవ్వాలి, కొన్ని పచ్చలు, నీలాలు ఆ నాలుగింటికి అందవు. తమ్ముడు రెండు రాత్రులు కూర్చుని నల్లమల పేజీలన్నింటిలో పసుపు పాలు పెంచాడు. ఇంకో జాగ్రత్త ఆపరేటర్ గారు చెప్పారు. మాటలు నాలుగు ఇంకులు కలిసిన నలుపులో ఉంటే, ప్లేటు వెంట్రుకవాసి జరిగినా తెలుగు వత్తులు అలుక్కుపోతాయి. అక్షరాలు ఒక్క నల్ల ఇంకులోనే ఉండాలి. ఫైలంతా మళ్లీ అలా మార్చి ఇచ్చాం. మొదటి ఫారం మిషన్ ఎక్కింది రాత్రి పదకొండు దాటాక. మొదట వచ్చిన షీట్లు వేస్టుకే పోతాయి, వాటిని చూసి కంగారుపడకండి. సర్దుబాటు చేసి చేసి, ఆయన ఒక షీటు లాగి టేబుల్ లైటు కింద పరిచి “చూడండమ్మా” అన్నారు. ఆధార్ కార్డులెత్తిన ఆడవాళ్ల మధ్యలోంచి బాలామణి తొంగిచూస్తోంది. ఏడ్చేశాను. ఆయన మొహమాటపడి టీ తెప్పించారు.

వెయ్యి కాపీలకు ప్రెస్ బిల్లు లక్షా ఐదు వేలు. పుస్తకం మీద జీఎస్టీ లేదు గానీ ప్రెస్ బిల్లులో ఉంటుంది, కొటేషన్ అడిగేటప్పుడే కలిపి చెప్పమనండి. బొమ్మలు, అట్ట, అక్షరాల పని, ప్రూఫులు కలుపుకుంటే అన్నీ రెండు లక్షల నలభై వేల దగ్గర తేలాయి. నా రాతకు, బస్సుల్లో తిరిగిన కాలానికి విలువ కట్టలేదు. ధర 220 పెట్టాం. పుస్తకాల షాపులకు నలభై శాతం తగ్గించి ఇస్తే మాకు 132 చేతికొస్తుంది. బొమ్మల ఖర్చు తేలాలంటే రెండో ముద్రణ తప్పదు. మొదటి వెయ్యి కాపీల మీద లాభం ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

డిసెంబర్ 19న ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన మొదలైంది. సొంత స్టాలు అద్దె భరించలేక తెలిసినవాళ్ల స్టాల్లో బల్ల మీద ఒక మూల తీసుకున్నాను. మొదటి మూడు రోజులు పెద్దవాళ్లు తీసి, బాగుందని పెట్టేసి పోయారు. ఆదివారం పిల్లలు వచ్చారు. నిలబడి సగం చదివేసి, మిగతా సగం కోసం అమ్మ కొంగు లాగినవాళ్లే మాకు కొనుగోలుదార్లు. పదకొండు రోజుల్లో దాదాపు 260 కాపీలు పోయాయి. ఒకావిడ పనమ్మాయి కూతురి కోసమని తీసుకుని, తన మనవడికి ఇంకోటి తీసుకున్నారు. బడిలో చదివిపెట్టిన పిల్లలందరికీ తలా ఒక కాపీ ముందే ఇచ్చేశాం, చివరి పేజీలో బడి తరగతుల పేర్లతో కృతజ్ఞతలు వేశాం.

ప్రచురణకర్తగా ఒక బాధ్యత ఉంది, చాలామందికి తెలియదు. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చైన నెలలోపు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ముంబై సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి మన ఖర్చుతో ఒక్కో కాపీ పంపాలి. పంపాను. పోస్టు విషయంలో ఆ నెలలోనే ఇబ్బంది ఎదురైంది, పుస్తకాలు చౌకగా పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ ఆపేశారు. కొన్ని నెలలు పార్శిల్ ఖర్చు మేమే భరించాం. 2025 మే 1 నుంచి పుస్తకాల కోసం తపాలా శాఖ తెచ్చిన జ్ఞాన్ పోస్ట్ వచ్చాక మూడొందల గ్రాముల లోపు పుస్తకం ఇరవై రూపాయలతో, పైన పన్నుతో వెళ్తోంది. మా పుస్తకం కవరుతో కలిపి ఆ లోపే తూగుతుంది. అలా పంపాలంటే పుస్తకం లోపల ప్రకటనలు ఉండకూడదు, ప్రెస్ పేరో ప్రచురణకర్త పేరో అచ్చై ఉండాలి.

ఇప్పుడు ఇంట్లో మంచం కింద ఉన్న కట్టల్లో వందలోపే మిగిలాయి. అచ్చంపేట వైపు కొన్ని బడుల లైబ్రరీలకు అడిగారు, వాళ్లకు ప్రెస్ ఖర్చుకే ఇస్తున్నాం. రెండో ముద్రణకు కొటేషన్లు తీసుకున్నాను, ప్లేట్లు మళ్లీ వేయాలి గానీ బొమ్మల ఖర్చు లేదు కాబట్టి ఈసారి ఊపిరాడుతుంది. రెండో కథలో బాలామణి ఏడో తరగతి, వానాకాలం, సెల్లార్‌లోకి నీళ్లు. తమ్ముడి రేటు పేజీకి 2,200 చేశాను, అతను అడగకముందే. బుడగల కొలతలు పంపమని నిన్న ఫోన్ చేశాడు. మొదటి పదహారు పేజీల మాటలు ఈ వారంలో టైపు చేసి ఇవ్వాలి.